మోటారు కింద ఆయిల్ చుక్కలు

మా బాపుకు ఒక పాత మోటారు కారు ఉండేది. నల్లది, అమెరికాలో తయారైంది. నిజాం కాలంలో హైదరాబాదు నుంచి బదిలీ అయిపోతున్న ఒక అధికారి అమ్మితే కొన్నాడట. కోరుట్ల దగ్గర మా ఊళ్లో అప్పటికి ఇంకెవరికీ మోటారు లేదు. పసుపు, చెరుకు పండించే కుటుంబం మాది. మా తాతకు ఎడ్లబండి తప్ప ఇంకో సవారీ తెలియదు. బాపుకు మాత్రం యంత్రాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. కడుపు నిండా తిని పడుకోవాల్సిన మధ్యాహ్నాలు కూడా ఆయన మోటారు చుట్టూనే తిరిగేవాడు. నడపడం మాత్రం రాదు. దానికి డ్రైవరు ఉండేవాడు.

ఆ డ్రైవరుది భైంసా. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. తలకు ఎప్పుడూ తెల్ల రుమాలు. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో మరాఠీ మాటలు దొర్లేవి. బాపును 'పటేలా' అని, అవ్వను, అంటే మా అమ్మను, 'బాయీ' అని పిలిచేవాడు. మాకు ఆయన డ్రైవర్ కాక. భార్య భైంసాలోనే ఉండేది. ఆయన మా పశువుల కొట్టం పక్కన చిన్న గదిలో ఉండి, పండుగలకు ఊరికి పోయి వచ్చేవాడు. పొద్దున్నే మోటారు ముందు మూత ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీని నా చేత బయటికి తీయించేవాడు.

"తుడువు బిడ్డా. మల్ల లోపల పెట్టి తియ్యి. గా గీత దాక ఉన్నదా? ఉంటె బండికి ఫికర్ లేదు."

నేను ఆడపిల్లనని, చేతులు మసి అవుతాయని ఆయన ఎన్నడూ అనలేదు.

రజాకార్ల రోజుల్లో ఊళ్ల మీద పడి మోటార్లు పట్టుకుపోతున్నారని విని బాపు తన మోటారును కొట్టంలో దాచాడు. అప్పుడు కాక భైంసాలో ఉన్నాడు. దారులు బందై రాలేకపోయాడు. బాపూ, మా జీతగాళ్లూ కలిసి చక్రాలు ఊడదీసి, మోటారు కనబడకుండా చుట్టూ, మీదా వరిగడ్డి పేర్చారు. పోలీసు యాక్షన్ అయిపోయి, ఊళ్లు కాస్త కుదుటపడ్డాక కాక తిరిగి వచ్చాడు. గడ్డి తీసి, చక్రాలు బిగించి, ఎన్నాళ్లో కదలని ఇంజనును ఒక పూటంతా తంటాలు పడి లేపాడు. ఆ రోజు ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది.

ఆయిల్ కారడం మొదలైంది ఆ తర్వాతే.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పాత బండి కదా, కారుతుందిలే అనుకున్నారు. రానురాను ఎక్కువైంది. కోరుట్ల నుంచి కరీంనగర్ పోయి వచ్చేసరికి కడ్డీ మీద గీత కిందికి దిగిపోయేది. కాక ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టిని దించి, అతుకులో ఆయిల్ కారకుండా కొత్త బెరడు పట్టీ కోసి, బిగించేవాడు. కొన్నాళ్లు చూసేవాడు. మళ్లీ కారేది. పక్క మూత విప్పి దానికీ కొత్త పట్టీ వేశాడు. అయినా కారేది. బాపుకు విసుగు పెరిగింది. ఆయన కళ్లకు ఒకటే లెక్క కనబడుతుండేది. పొద్దున్నే కొట్టంలో వంగి చూస్తే మోటారు కింద నాలుగే చుక్కలు. ఇంజనులో పోయడానికి తెచ్చిన డబ్బాలో చూస్తే మాత్రం ఆయిల్ అడుగంటిపోయి ఉండేది.

ఒకసారి నిర్మల్‌లో చుట్టాల పెళ్లికి పోయి వస్తున్నాం. అవ్వా, నేనూ వెనక సీట్లో, బాపు ముందు సీట్లో కూర్చున్నాం. మెట్‌పల్లి దాటకముందే ఇంజనులో నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. కాక వెంటనే ఆపేశాడు. బజారు మధ్యలో, ఒక చాయ్ హోటలు ముందు ఆగాం. కడ్డీ తీసి చూస్తే దానికి ఆయిల్ తడే లేదు. చాయ్ తాగుతున్నవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ చేరారు. బాపు వంగి మోటారు కిందికి చూశాడు.

"పొద్దున పోసినంటివి గదా. ఏడవోయింది?"

"పోసిన పటేలా. తొవ్వల కారిపోయింది."

"కారితె కింద మడుగు గట్టాలె. కొట్టంల చూస్తె నాలుగు చుక్కలు. ఈడ చూస్తె నాలుగు చుక్కలు. డబ్బాలకు డబ్బాలు ఏడవోతున్నయ్? అంగట్ల అమ్ముకుంటున్నవా?"

కాక బాపు ముఖంలోకి చూశాడు. ఆ మాట బాపు నోట్లో నుంచే వచ్చిందా, పక్కనెవరైనా అన్నారా అన్నట్టు చూశాడు. అవ్వ కారులో నుంచే "గదేం మాట" అంది. బాపు వినిపించుకోలేదు.

"చెప్పవేందయ్యా? నిన్ను అడుగుతున్న."

కాక చేతిలోని తుడిచే గుడ్డను మడిచాడు. ఇంజను మూత మీద పెట్టాడు. దాని మీద తాళంచెవి పెట్టాడు.

"దొంగతనం నా తాన లేదు పటేలా," అని ఒక్క మాట అని, గుంపులో నుంచి దారి చేసుకుని, బస్సులు ఆగే వైపు నడిచిపోయాడు. ఆయన వెనక ఎవరో నవ్వారు. బాపు పిలవలేదు.

ఆయన రేకు పెట్టె, బట్టలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. కొన్నాళ్లు చూసి, బాపు వాటిని భైంసాకు పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. ఎందుకు పంపుతున్నదీ ఆ మనిషికి చెప్పే పంపాడు.

ఆ తర్వాత బాపు తానే నడపడం నేర్చుకున్నాడు. మెట్‌పల్లిలో చెడిన ఇంజనును కరీంనగర్‌లో బాగు చేయించాడు. తాళంచెవి తన జేబులోనే, ఆయిల్ డబ్బా తన గదిలోనే ఉంచుకునేవాడు. అయినా డబ్బా మునుపటంత తొందరగానే ఖాళీ అయ్యేది. ఆ సంగతి ఆయన గమనించాడు. మాకు తెలుసు, ఎందుకంటే ఆయన కడ్డీ తీసి చూసి, తుడిచి, మళ్లీ పెట్టి చూసి, లోపలికి వచ్చేవాడు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అవ్వే అంది.

"గాయన పోయినంక గూడ ఆయిల్ పోతనే ఉన్నది గదా. ఇప్పుడెవలు అమ్ముకుంటున్నరు?"

బాపు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నేను కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి మెట్రిక్ చదివి, పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలం అది. కరీంనగర్ మెకానిక్కు చూసి, ఇంజను వెనక బేరింగు దగ్గర కారుతోందనీ, మొత్తం ఇంజనును బయటికి ఎత్తితే తప్ప బాగుకాదనీ, సామాను బొంబాయి నుంచి రావాలనీ చెప్పాడట. బాపుకు అది నచ్చలేదు.

"ఎక్కడ కారుతుందో మనమే జూద్దాం బిడ్డా. నీ కండ్లు మంచిగున్నయ్," అన్నాడు.

కొట్టం ముందు నీడకు మోటారును తోయించి పని మొదలుపెట్టాం. ఇంజను నిండా ఏళ్ల మసి, దుమ్ము, ఆయిల్ కలిసి నల్లటి జిగటగా పట్టుకుని ఉంది. ఆ జిగటలో ఎక్కడ కారుతున్నదీ దేవుడికి కూడా కనబడదు. గ్యాస్‌నూనెలో, అదే కిరసనాయిల్లో, కొబ్బరిపీచు ముంచి రుద్దుతూ పోయాం. బాపు కింద పడుకుని అడుగుభాగం, నేను పైన పక్కలు. ఎండ నెత్తికెక్కేదాకా రుద్దితే ఇనుము అసలు రంగు బయటపడింది. నాకు అదొక ఆటలా ఉంది. బాపు కూడా చాలా రోజుల తర్వాత నవ్వుతూ మాట్లాడాడు.

పొడిగుడ్డతో తుడిచాక, తడి తగిలితే వెంటనే కనబడాలంటే తెల్లటి పిండి చల్లితే బాగుంటుందని నాకు తోచింది. ఇంట్లోకి పోయి బియ్యప్పిండి తెచ్చి, పల్చటి గుడ్డలో మూటగట్టి, ఇంజను మీద తట్టాను. అవ్వ వచ్చి చూసింది.

"ఇంజిన్‌కు సకినాలు చేసి పెడ్తరా తండ్రీబిడ్డలు?"

బాపు ఇంజను లేపాడు. నెమ్మదిగా నడిచినంతసేపూ పిండి తెల్లగానే ఉంది. లోపల కూర్చుని ఆయన యాక్సిలరేటరును కాలితో గట్టిగా నొక్కాడు. ఇంజను గర్జించింది. అప్పుడు కనబడింది. పక్క మూత అంచున గోధుమరంగు మరక లేచింది. అదే సమయంలో ఆయిల్ తొట్టి అతుకు దగ్గర, ఇంజను ముందుండే బెల్టు చక్రం వెనకాల, అటు చివర బేరింగు దగ్గర, ఎక్కడ చూసినా అదే మరక. పిండి అంతా తడిసి కిందికి జారింది. ఆపితే ఆగింది. నొక్కితే మళ్లీ వచ్చింది. నిలబెట్టిన బండి కింద చుక్కలు తక్కువ ఎందుకో, దారిలో అంత ఆయిల్ ఎక్కడ పోయిందో అప్పుడు మాకు అర్థమైంది. బండి పరుగెత్తినప్పుడే కారుతోంది. కారింది కారినట్టే తోవ పొడుగునా దుమ్ములో కలిసిపోతోంది.

బాపు ముఖం అప్పుడే మారింది. అయినా పని ఆపలేదు. స్పానర్ తీసుకుని ఒక్కొక్క బోల్టూ బిగించి చూశాడు. ఒక్కటీ వదులుగా లేదు. పక్క మూత విప్పితే కాక కోసిన బెరడు పట్టీ అంచు తెగకుండా, చక్కగా కూర్చుని ఉంది.

"పనిల తప్పు లేదు," అన్నాడు తనలో తాను.

"బాపూ, ఒక్క కాడ కాదు, అన్ని కాడల కెళ్లి వస్తుంది. మూత గట్టిగ పెట్టి ఎసరు మరిగిస్తె అంచుల పొంటి గంజి పొంగినట్టుంది. లోపల కెళ్లి ఏదో నూకుతుంది," అన్నాను.

ఆయన నా వైపు చూసి, పక్క మూత మళ్లీ బిగించి, ఇంజను లేపి, ఆయిల్ పోసే చోట ఉన్న మూత తిప్పి తీశాడు. గప్పున వేడి పొగ ఆయన ముఖాన కొట్టింది. ఆ మూత తీసి ఉంచి కాలు నొక్కితే, కొత్తగా చల్లిన పిండి మీద మరకే రాలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది, అది ఎక్కడో పూడిపోయింది, అందుకే ఒత్తిడికి అతుకులన్నీ కారుతున్నాయి అని బాపు నాకు చెప్పాడు. చెబుతూనే మోటారు కిందికి జరిగి, పక్క నుంచి అడుగుకు దిగిన ఒక గొట్టం కొస వెతికాడు. దాని మూతి మట్టితో మూసుకుని ఉంది. మట్టి గీకి తీగ దూర్చితే దూరలేదు. పటకారుతో పట్టి గుంజాడు. నల్లబడిన గుడ్డపీలిక ఒకటి వచ్చింది. దాని వెనక, ఆయిల్‌లో నాని నల్లబడిన మక్కబెండు, అంటే గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకి, ఊడిపడింది.

"దొరికింది బాపూ! ఎవలో కావాలని కొట్టిండ్రు!" అని అరిచాను.

బాపు మోటారు కింద నుంచి బయటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. మక్కబెండును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవలో కాదు బిడ్డా. నేనే."

దాచిన రోజు గడ్డిలో ఎలుకలు గొట్టాల్లో దూరి గూళ్లు పెడతాయని భయపడి, దొరికిన గొట్టంలోనల్లా మక్కబెండ్లకు గుడ్డ చుట్టి కొట్టాడట. మోటారును బయటికి తీసినప్పుడు పొగగొట్టంలోది గుర్తుండి తీశాడు. కిందిది మరిచిపోయాడు. కాకకు చెప్పనూ లేదు.

అవ్వ గడపలో నిలబడి అంతా విన్నది. "మరి గాయనకేం జెప్తవ్?" అంది.

"పోయి చెప్త," అన్నాడు బాపు.

కానీ వెంటనే పోలేదు. నాట్లు అయిపోనీ అన్నాడు. వానలు తగ్గనీ అన్నాడు. మోటారు మాత్రం ఇప్పుడు బుద్ధిగా నడుస్తోంది. కింద నేల పొడిగా ఉండేది. అది చూసి సంతోషించాల్సిన మనిషి, చూడడమే మానేశాడు. చివరికి చలికాలంలో ఒకనాటి పొద్దున "నువ్వు గూడ రా బిడ్డా" అని నన్ను ఎక్కించుకున్నాడు. ఒంటరిగా పోయే ధైర్యం లేక పిలిచాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆర్మూర్, సోన్ వంతెన, నిర్మల్ మీదుగా భైంసా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పత్తి రోజులు. బండ్లు వరుసకట్టి ఉన్నాయి. చెట్ల కొమ్మలకు, మనుషుల తలలకు దూది అంటుకుని ఉంది. అడుగుతూ పోతే కాక ఇల్లు దొరికింది. భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. మేమెవరమో చెప్పకముందే మోటారును చూసి గుర్తుపట్టింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది గాని, కూర్చోమనలేదు.

"పెట్టె ముట్టింది పటేలా," అంది. "పెట్టె కంటె ముందుగాల మాట ముట్టింది. బస్సుల వచ్చినోళ్లందరు చెప్పిండ్రు."

బాపు నీళ్లు తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కాక పత్తి మిల్లులో ఉన్నాడని ఆమే చెప్పింది.

మిల్లు గేటు దగ్గర కబురు పంపితే కాక వచ్చాడు. కనుబొమల మీద కూడా దూది. మమ్మల్ని చూసి ముందు నమ్మలేదు. తర్వాత చేతులు జోడించి "పటేలా! బిడ్డ ఎంత పెద్దగైంది!" అంటూ దగ్గరికి వచ్చాడు. బాపు పోయి మోటారు ముందు మూత ఎత్తాడు. గొట్టం చూపించాడు. మక్కబెండు సంగతి చెప్పాడు.

కాక వంగి, గొట్టం ఎక్కడిదాకా పోయిందో చేత్తో తడిమి చూసి, పిల్లవాడిలా నవ్వాడు.

"అరే! ఆయిల్ తొట్టి ఎన్నిసార్లు దించిన, గీ గొట్టం దిక్కే చూడలే. నేను గూడ చూడాలె గదా పటేలా!"

నవ్వుతూ నవ్వుతూనే ఆయన ఆగిపోయాడు. బాపు తాళంచెవి చేతిలో పెట్టబోయాడు.

"తప్పు నాది. తియ్యి, చాబీ పట్టు. నీ ఇంటామెను గూడ తీస్కొని పోదాం. గా గది నీదే."

కాక చెయ్యి చాపలేదు.

"వద్దు పటేలా. మల్ల గా బండి నడిపితె, ఆయిల్ తక్కువైన దినమల్లా నా గుండె కొట్టుకుంటది. నాతోని గాదు."

"మరి ఈడనన్న బండి నడుపుతున్నవా?"

"ఎవలిస్తరు? వచ్చిన కొత్తల అందరిని అడిగిన. గా మెట్‌పల్లి మాట అందరికి ఎర్కే. ఇగ పత్తి మోసే పని దొరికింది. మిల్లుల ఏదన్న కనబడకపోతె ముందుగాల నా సంచి జూస్తరు. అలవాటైపోయింది."

ఆ మాట ఆయన ఫిర్యాదుగా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. బాపు ముఖం ఎర్రబడింది. "మీ మేనేజర్ ఏడున్నడు?" అని గబగబా లోపలికి నడిచాడు. మేమిద్దరం వెనకే పోయాం.

మేనేజరు ఒక నడివయసు మనిషి. కిటికీలో నుంచి బండ్ల వాళ్ల మీద అరుస్తూనే బాపును కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. బాపు మొదటి నుంచీ చెప్పాడు. గొట్టం, ఎలుకలు, మక్కబెండు, మెట్‌పల్లి బజారు, ఏదీ దాచలేదు. "గీ మనిషి దొంగ కాదు. తప్పు నాది," అన్నాడు. మేనేజరు రెండు మూడుసార్లు తల ఊపి, "అచ్ఛా, అచ్ఛా, ఠీక్ హై పటేల్ సాబ్, మంచిది," అని నవ్వి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. ఆయనకు కాక మీద కోపమూ లేదు, నమ్మకమూ లేదు. కాక అక్కడే గోడకు ఆనుకుని, దూది దులుపుకుంటూ నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా మిల్లు కూత వేసింది. పనివాళ్లు గేటు నుంచి బయటికి పోతున్నారు. మేమూ కాకతో పాటు బయటికి వస్తున్నాం. గేటు దగ్గర ముసలి కాపలావాడు వాళ్లందరినీ పోనిచ్చాడు. కాక మాత్రం, అతను అడగకముందే, నడక ఆపి, భుజాన ఉన్న సంచిని దించి, మూతి విప్పి పట్టాడు. సద్దిగిన్నె, పొగాకు, ఒక పాత తువ్వాలు. కాపలావాడు చెయ్యి పెట్టి తడిమి, పో అన్నట్టు తల ఊపాడు.

"అరే! ఇప్పుడే గదా మీ మేనేజర్‌కు చెప్పిన!" అని బాపు అరిచాడు.

కాక బాపు చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు పటేలా. గాయన డ్యూటీ గాయనది."

ఇంటికి వచ్చి తిని పొమ్మన్నాడు. బాపు రాలేనన్నాడు. కాక భార్య ముందుకు మళ్లీ పోలేకనే అలా అన్నాడని నేననుకున్నాను. కాక నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిగ చదువుకో బిడ్డా," అన్నాడు. మేము కదిలాక కూడా ఆయన చాలాసేపు దారిలోనే నిలబడి ఉన్నాడు. ఇంజను చప్పుడు వింటున్నాడేమో.

తిరుగు దారిలో బాపు, నిర్మల్ దాటాక ఎక్కడో, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా అన్నాడు.

"నలుగుర్ల అన్న బిడ్డా గా మాట. పోయి ఒక్కనికి చెప్పొచ్చిన."

ఆ తర్వాత మెట్‌పల్లి పోయి ఆ చాయ్ హోటలు ముందు ఆగాడట. హోటలు చేతులు మారింది. కొత్త యజమానికి ఆ రోజు సంగతే తెలియదు. బస్సుల వాళ్లను అడిగితే, పెట్టె తీసుకుపోయిన డ్రైవరు వేరే రూటుకు పోయాడన్నారు. మరుసటి పత్తి రోజుల్లో బాపు మళ్లీ భైంసా పోయాడు. ఈసారి బజార్లో పదిమందిని కూడేసి చెప్పాలని పోయాడు. కాక ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. భార్య తరఫువాళ్లు నాందేడ్ అవతల ఏదో ఊళ్లో ఉంటే అక్కడికి వెళ్లిపోయారట. ఆ ఊరి పేరు మిల్లులో ఎవరికీ తెలియదు. కాపలావాడు మాత్రం "మంచోడే సాబ్," అన్నాడట.

నా పెళ్లి అయ్యాక కొన్నాళ్లకు బాపు మోటారు అమ్మేశాడు. ఆసిఫాబాద్ వైపు అడవిలో కర్ర కొట్టించే కాంట్రాక్టరు ఒకాయన, తన మనుషులతో కొనడానికి వచ్చాడు. నేను పుట్టింట్లోనే ఉన్నాను. వాళ్లలో ఒకడు కిందికి దూరి, పైకి వచ్చి ఆశ్చర్యపోయాడు.

"గింత పాత బండి, ఒక్క చుక్క కారుతలేదు. ఎవలు చూసుకున్నరు పటేలా?"

"భైంసా డ్రైవర్ ఉండె," అన్నాడు బాపు. అని ఊరుకోలేదు. వాళ్లను చెట్టుకింద మంచం మీద కూర్చోబెట్టి, గడ్డిలో దాచిన దగ్గర నుంచి మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు. మెట్‌పల్లి బజారులో తాను అన్న మాటను ఆయన ఏమాత్రం తగ్గించకుండా, అన్నది అన్నట్టే చెప్పాడు. వాళ్లు చీకటి పడేలోగా అడవి దారి పట్టాలని తొందరలో ఉన్నారు. కాంట్రాక్టరు మర్యాద కోసం తల ఊపుతూ ఉండగానే, అతని డ్రైవరు లేచి పోయి ఇంజను లేపాడు. బాపు మిగతాది ఆ చప్పుడులోనే, గొంతు పెంచి చెప్పాడు.